పసుపు అంటిన గ్రిప్పులు

"ఇవి మీకు అమ్మను," అంది ఆ అమ్మాయి.

కిరణ్ పాల్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పుప్పాలగూడలో ఆ సైకిల్ షాపు వెతుక్కుంటూ వచ్చి, హ్యాండిల్‌కు తొడిగే గ్రిప్పుల్లోకెల్లా మెత్తటి జెల్‌వి ఏరుకొని, డబ్బు కట్టడానికి ఫోన్ తీశాడు. కొనేవాడు కొంటానంటుంటే అమ్మేవాళ్ళు వద్దనడం బుద్ధెరిగాక చూడలేదు.

"ఎందుకమ్మరండీ?"

"చేతులు నొస్తున్నయన్నరు కదా. గింత మెత్తగుంటే అరచెయ్యి అందులకు కూరుకుపోతది. అప్పుడు ఇంకా గట్టిగ పట్టుకుంటరు. చిటికెన వేలు తిమ్మిరెక్కుతదా?"

ఎక్కుతుంది. మణికొండలో బయల్దేరి ఆఫీసు చేరేసరికి చిటికెన వేలూ దాని పక్క వేలూ తనవి కానట్టే ఉంటాయి. కీబోర్డు మీద సగం అక్షరాలు తప్పు పడుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈమెకెలా తెలిసింది?

"మీరు డాక్టరా?"

"సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అంటే, ఉండేదాన్ని. మీ బిల్డింగులల్లనే కూసొని నాకు కూడ గిట్లనే నొప్పులొచ్చినయి. నౌకరి ఇడిసిపెట్టి మా నాయన షాపుల కూసున్న."

పేరు రోహిణి. అరచెయ్యి ఆనేలా వెడల్పు రెక్కలున్న గ్రిప్పులు బిగించి, పడకపోతే తెచ్చి ఇచ్చేయమంది.

పడలేదు. అంటే, కుడిచేతికి పడ్డాయి, ఎడమచేతికి పడలేదు. తరవాతి శనివారం సన్నవి పెట్టింది. ఆ పై శనివారం ఇంకో రకం. వాన దంచి కొట్టిన శనివారం మాత్రం ఏమీ మార్చలేదు. ఇద్దరూ షట్టరు కింద నిలబడి చాయ్ తాగుతూ, నీళ్ళలో ఆగిపోయిన కార్లలో ముందు ఏది కదులుతుందని పందెం కాసుకున్నారు. నొప్పి సగం తగ్గింది. మొత్తం తగ్గిపోతే ఇక్కడికి రావడానికి వంక ఏముంటుందన్న దిగులు మాత్రం కొత్తగా పట్టుకుంది.

మరో శనివారం రోహిణి విసిగిపోయింది.

"చేతులు చాపండి."

చాపాడు. చాక్‌పొడి అయిపోయిందని, దెబ్బలు తగిలినవాళ్ళకోసం షాపులో ఉంచిన పసుపు తీసి, తడిపి, అతని రెండు అరచేతులకూ రాసింది. గ్రిప్పులకు తెల్ల టేపు చుట్టింది.

"గల్లీ చివరిదాక పోయి రండి. బరువు ఏడ పడుతుందో అచ్చుల తెలుస్తది."

కిరణ్ పాల్ కదల్లేదు. ఆమె వేళ్ళు తన అరచేతుల్లో తిరిగాక గల్లీ ఏ వైపుందో మర్చిపోయాడు.

"పోవుడు ఉన్నదా, లేదా?"

పోయి వచ్చాడు. టేపు మీద చిటికెన వేలి కిందంతా ముద్దగా పసుపు. బొటనవేలి వైపు ఏమీ లేదు.

"చూసిన్రా? మీరు హ్యాండిల్ పట్టుకుంటలేరు, దాని మీద పడుకుంటున్నరు. సీటు ముంగటికి వంగింది. అదే అసలు లొల్లి."

అతని మొహం చూసి తనే నవ్వి, "గొడవ అంటున్న," అని సరిదిద్దుకుంది. సీటు సమం చేసి, రెక్కల గ్రిప్పులు మళ్ళీ పెట్టి, కొంచెం పైకి తిప్పి బిగించింది. తొక్కి చూస్తే నొప్పి లేదు. నిజంగానే లేదు.

"ఇగ మీరు రానక్కర లేదు," అంది రోహిణి, అతని వైపు చూడకుండా.

ఆ మాట పెట్టినంత నొప్పి ఏ గ్రిప్పూ పెట్టలేదు.

అక్కడే సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. సబ్బు తగిలి పసుపు ఎర్రబారింది తప్ప వదల్లేదు. ఆ చేతులతోనే ఇల్లు చేరేసరికి హాల్లో చుట్టాలు కూర్చుని ఉన్నారు. తల్లి విమల కుదిర్చిన సంబంధం. మెర్సీ అనే అమ్మాయి, ఆమె అమ్మానాన్నలు. వాళ్ళు వస్తారన్న సంగతే అతనికి గుర్తులేదు.

"వందనాలు బాబూ," అంటూ మెర్సీ నాన్న చెయ్యి చాపాడు. కిరణ్ పాల్ కూడా చాపాడు. పారాణి పెట్టినట్టు ఎర్రగా, అంచుల్లో పచ్చగా ఉన్న ఆ అరచేతిని చూసి ఆయన తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏంట్రా ఇది?" విమల లేచి నిలబడింది.

"పసుపమ్మా."

"కనపడుతోంది. ఎవరు పూశారు?"

"రోహిణి."

షాపులో అని చెప్పాల్సింది. పేరు వచ్చింది. వచ్చిన తీరు విని గదిలో అందరికీ విషయం అర్థమైంది. అందరికంటే ఆఖర్న అర్థమై, అందరికంటే ఎక్కువ అదిరిపడ్డవాడు కిరణ్ పాలే.

"ఏ గుళ్ళో చేసుకున్నావురా?" విమల కుర్చీలో కూలబడింది.

మెర్సీ నవ్వాపుకుంటూ లేచి, "కంగ్రాట్సండీ," అంది.

సైకిలుకీ పసుపుకీ సంబంధం ఏమిటో రాత్రి ఎంత చెప్పినా విమల నమ్మలేదు. ఆదివారం చర్చి అవగానే కొడుకుని వెంటబెట్టుకొని నేరుగా షాపుకొచ్చింది.

"మావాడికి పసుపు పూసింది నువ్వేనా?"

"నేనే ఆంటీ. కొలతకు."

"అంటే, పెళ్ళేం కాలేదుగా?"

"పెళ్ళా?" రోహిణి చేతిలో స్పానర్ జారి కిందపడింది.

"హమ్మయ్య. పదరా."

కిరణ్ పాల్ కదల్లేదు. "కాలేదమ్మా. కానీ నాకు చేసుకోవాలని ఉంది."

రోహిణి టైర్ల మీద కూర్చుండిపోయింది. విమలకు మాత్రం మాటలు తన్నుకొచ్చాయి.

"ఎలా కుదురుతుందిరా? ఈ అమ్మాయి బాప్తిస్మం తీసుకోవాలి, పేరు మార్చాలి, పాస్టరుగారితో మాట్లాడాలి..."

"జర ఆగుండ్రి," అంది రోహిణి. "ఇద్దరు మీలో మీరే మాట్లాడుకుంటున్నరు. నన్నెవరన్న అడిగిన్రా?"

విమల గతుక్కుమంది. "సరే, అడుగుతున్నాను. ఇష్టమేనా?" అంది.

"ఇష్టమే. నిన్న నొప్పి పోయిందంటే నాకే పరేషానయింది. కాని నేను పేరు మార్చుకోను, దేవుణ్ణి మార్చుకోను. మీవాణ్ణి కూడ మార్చుకొమ్మనను. గట్లయితే మా నాయనతోని మాట్లాడుత. లేకుంటే ఇగ ఇంతే ఆంటీ."

కిరణ్ పాల్ తల్లి వైపు చూశాడు. ఆమె ఇప్పుడు వెనక్కి తిరిగితే అంతా ఇక్కడితో సరి.

"నా పేరు నీలమ్మ," అంది విమల.

"ఎవరి పేరు?" అన్నాడు కిరణ్ పాల్.

"నాదేరా. మీ నాన్నను చేసుకునేవరకూ. ప్రభువును ఇష్టపడే నమ్ముకున్నాను, అందులో మాటే లేదు. పేరు దగ్గర మాత్రం నన్నెవరూ అడగలేదు. బాగుంటుందని పెట్టేశారు. మా అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళే లేకుండా పోయారు." కొంగుతో కళ్ళు ఒత్తుకుని రోహిణి వైపు తిరిగింది. "నీ పేరు నీ దగ్గరే ఉండనీ తల్లీ. మీ నాన్నగారు ఇంట్లో ఎప్పుడుంటారు?"

పుట్టినప్పటి నుంచీ అమ్మా అని పిలుస్తున్న మనిషి పేరు కిరణ్ పాల్ ఆ రోజే విన్నాడు.

రోహిణి లేచి స్టూలు తుడిచి ముందుకు జరిపింది.

"కూసోండి, నీలమ్మత్తా," అంది.

ఆమె కూర్చుంది. కూర్చుని, ఇద్దరి ముందూ సిగ్గుపడకుండా ఏడ్చింది.