అలక అనుకున్నన్నాళ్లూ

పొద్దున్నే సంపూర్ణమ్మ అరుగు మీద కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. భర్త అప్పాజీ దాని వైపైనా చూడలేదు. ఎదురుగా వాళ్ల నర్సరీలో కూలీలు మొక్కలు లారీకెక్కిస్తున్నారు. ఒకప్పుడు ఈపాటికి మడుల్లో కూర్చుని అంట్లు కట్టే మనిషి! కడియంలో ఆయన కట్టిన అంటు బతకకపోవడమన్నది లేదు. ఇప్పుడు కూర్చోబెట్టిన చోటే కూర్చుంటున్నాడు.

అలకొస్తే నోరు కట్టేసుకోవడం ఆయనకి పెళ్లైన కొత్తలోనే అలవాటు. ప్రతిసారీ బతిమాలుకున్నది ఆవిడే. నిరుడు ఆయన్ని అడక్కుండా పాత గులాబీ మడి పీకించేసింది. ఆ తర్వాతే ఈ మౌనం మొదలైంది. ‘ఈసారి నేను దిగను’ అనుకుని ఆవిడా మాట మానేసింది. పంతమంటే పంతమే మరి!

“అత్తయ్యగారూ!” కోడలు దుర్గాశ్రీ మందుల డబ్బా పట్టుకొచ్చింది. “రాజమండ్రి డాక్టరుగారు రాసిన బిళ్లలు అలాగే ఉన్నాయేంటండీ? మావయ్యగారికి వేయట్లేదా?”

“అలకకి బిళ్లేంటమ్మా? మందేసి మాట్లాడిస్తే నాకేం ముచ్చట? తనంతట తనే పలకాలి.”

“అలక కాదండీ! మతిమరుపు జబ్బుతో ఇదీ వస్తుందని మీ ముందే చెప్పారుగా. దేనిమీదా మనసు పుట్టదట. ఈ మందు కూడా అందరికీ పనిచెయ్యదట, చేసినా కొంచెమేనట. దగ్గర కూర్చుని పలకరిస్తూ, చిన్న పనులేవో చేయిస్తూ ఉండమన్నారు. మీరేమో మందూ మానేశారు, మాటా మానేశారు!”

“నాకు చెప్పొచ్చావా? ఆయన సంగతి నాకు తెలీదూ?” గయ్యిమంది సంపూర్ణమ్మ.

“కోపమా అని ఒక్కసారైనా అడిగారా అత్తయ్యగారూ?” అంది దుర్గాశ్రీ.

సంపూర్ణమ్మ విసురుగా అరుగు మీదికి వెళ్లింది. “ఏవండీ! గులాబీ మడి పీకించానని నామీద కోపమా?”

అప్పాజీ మెల్లగా తలెత్తాడు. “కోపమా? ఎందుకూ?” అన్నాడు. ఆ కళ్లల్లో నిష్ఠూరం లేదు. అసలేమీ లేదు.

ఆవిడ ఆయన పక్కనే కూలబడింది. అయ్యో, ఇన్నాళ్లూ తను ఎవరితో పోట్లాడినట్టు? చెయ్యి పట్టుకుని తోటలోకి రమ్మంటే వచ్చేవాడేమో. అన్నం పెడుతూ ఒక్క మాటంటే తనకేం పోయేది?

“చేతులారా చేసుకున్నానమ్మా,” అంటూ భోరుమంది. దుర్గాశ్రీ బిళ్ల, మంచినీళ్లు ఆవిడకి అందించింది. నోరు తెరవమంటే ఆయన పసివాడిలా తెరిచాడు.

కొంగుతో కళ్లు తుడుచుకుని సంపూర్ణమ్మ కబుర్లు మొదలుపెట్టింది. మనవరాలికి నడకొచ్చిన సంగతి, వానలకి కుళ్లిపోయిన మొక్కల సంగతి, పంతానికి పోయి దాచుకున్నవన్నీ. ఆయన ఊ కొట్టలేదు. అయినా చెబుతూనే ఉంది.