కనిపించని కరెంటు

రెండు తూటాలు. ఒకటి సబ్‌స్టేషన్ మెట్ల మీద ప్లానింగ్ ఇంజనీరు గుండెల్లో దిగింది, రెండోది పక్కనే ఉన్న అతని భార్యకు తగిలింది. ఇంజనీరు అక్కడికక్కడే పోయాడు. అతని తమ్ముడే సీక్రెట్ ఏజెంట్ డేగ.

“విదేశీ ముఠా పని. వాళ్ల నాయకుణ్ణి దొర అంటారు,” అన్నాడు చీఫ్. “వాళ్లు అమ్మే కరెంటు మానేసి మన సోలార్, మన బ్యాటరీల మీదే ఊరు నడవాలని మీ అన్న ప్లాన్ వేశాడు. ఈ సాయంత్రం మెయిన్ లైన్ తెంచేసి, మన బ్యాటరీలూ ఖాళీ చేసి, ఆ ప్లాన్ ఎందుకూ పనికిరాదని చూపించాలని వాళ్ల ఎత్తు. మీ వదిన ఇంకా వెంటిలేటర్ మీదే ఉంది.”

“వాణ్ణి నాకొదిలేయండి సార్.”

వాడు గిలగిల్లాడటం చూస్తే తప్ప డేగ కడుపుమంట చల్లారదు.

పొద్దువాలేసరికి పెయింటర్ వేషంలో ఊరి బ్యాటరీలుండే బ్యాటరీ హౌస్ చేరాడు. చెవిలో ఇయర్‌పీస్ పలికింది.

“ఏ రంగు?”

“ఎండ రంగు.”

కోడ్ కలిసింది. ఆ గొంతు నెమలిది. పట్టు గౌనులో దొర పక్కన తిరుగుతూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. మైక్ ఆమె ముత్యాల చెవిపోగులో ఉంది.

“దొర టవర్ హోటల్ గ్లాస్ లిఫ్ట్ ఎక్కాడు. ఊరు ఆరిపోవడం కళ్లారా చూస్తూ దిగాలట. హోటల్ జనరేటర్ ఉందని ధీమా. దాని డీజిల్ నేను పొద్దున్నే ఖాళీ చేయించేశా.”

“మరి నువ్వు?”

“లిప్‌స్టిక్ మర్చిపోయానని పైనే ఆగిపోయా.”

లోపల స్క్రీన్ ముందు ముఠా మనిషి వాకీటాకీలో అరుస్తున్నాడు. “మొత్తం తోడేశా దొరా! బ్యాటరీ జీరో!”

మరుక్షణం ఊరంతా చీకటి. ఆస్పత్రి కూడా, దానికీ ఈ బ్యాటరీలే దిక్కు. వదిన వెంటిలేటర్‌లోని చిన్న బ్యాటరీ కాసేపే ఆగుతుంది.

డేగ ఒక్క గుద్దుతో వాణ్ణి పడేశాడు. స్క్రీన్ మీద నిజంగానే జీరో. కానీ అన్న అలవాటు వాళ్లకేం తెలుసు? ఏ ఊరికి ప్లాన్ వేసినా బ్యాటరీలో అడుగు భాగాన్ని స్క్రీన్ మీద చూపించేవాడు కాదు. “కనిపిస్తే వాడేస్తార్రా. పిల్లల ముందు బిస్కెట్ డబ్బా పెడతామా?” అనేవాడు.

వెనక గోడకున్న రిజర్వ్ హ్యాండిల్ పట్టి లాగాడు. కదల్లేదు. కాలు గోడకు తన్నిపెట్టి, బలమంతా ఉపయోగించి లాగాడు. ఖంగుమంది.

ఆస్పత్రి కిటికీలన్నీ ఒక్కసారి వెలిగాయి. “అన్నా!” అని డేగ బావురుమన్నాడు.

కిందపడ్డ వాకీటాకీ గుర్రుమంది. దొర గొంతు వణుకుతోంది. “లిఫ్ట్ మధ్యలో ఆగిపోయింది! కరెంటివ్వు!”

ఆ వణుకు వింటుంటే డేగకు ప్రాణం లేచొచ్చింది.

“ఇస్తాం దొరా. మా అన్న పెట్టిన వరస ఒకటుంది. ముందు ఆస్పత్రి, తర్వాత నీళ్ల పంపు, ఆ తర్వాత వీధి దీపాలు.”

“మరి లిఫ్ట్?”

“రేపు ఎండ బాగా కాస్తే చూద్దాం. మబ్బు పట్టిందంటే మాత్రం నా పూచీ లేదు.”