కొత్త లచ్చక్క

మధ్యాహ్నం గంట కొట్టారు. ఐదో తరగతిలో ఒక్కరూ టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. అందరూ దీప్తి బెంచీ చుట్టూ మూగారు.

“నిన్న చూసినవా దీప్తీ? లచ్చక్కను మార్చిండ్రు!” అన్నాడు ఉదయ్.

“చూసిన. చూసి టీవీ బంద్ జేసిన,” అంది దీప్తి. “గామె లచ్చక్కనా? గొంతే లేదు!”

‘కిరాయి ఇల్లు’ రోజూ సాయంత్రం ఏడింటికి వచ్చే నవ్వుల సీరియల్. దీప్తి పుట్టకముందు నుంచీ వస్తోంది. అందులో లచ్చక్క ఇంటి ఓనరు. కొంగుకు తాళాల గుత్తి కట్టుకుని కిరాయివాళ్ల మీద అరుస్తూ తిరుగుతుంది. “తాళాలు నా కొంగుకు, పెత్తనం మీకా?” అని గుత్తి గలగలలాడిస్తే చాలు, ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లు. ఇన్నేళ్లూ ఆ వేషం వేసినావిడ మానేసింది. నిన్నటి నుంచి ఎవరో కొత్తావిడ.

దీప్తి చిరాకుకు ఇంకో కారణం కూడా ఉంది. వాళ్ల బడిలో నెలకో శనివారం బాలసభ జరుగుతుంది. అందులో ఐదో తరగతివాళ్లు ‘కిరాయి ఇల్లు’ ఆడతారు. లచ్చక్క వేషం దీప్తి నేస్తం రమది. రమ వాళ్ల నాన్నకు కరీంనగర్ బదిలీ అయింది. మరిపెడ నుంచి కొత్తగా వచ్చి చేరిన భవానికి ఆ వేషం ఇచ్చారు పద్మలత టీచర్. బాలసభ ఎల్లుండే.

“టీవీల పాయె, బడిల పాయె!” అని నుదురు కొట్టుకుంది దీప్తి.

దీప్తిది తెర వెనక పని. ఎవరైనా మాట మరిచిపోతే అందించాలి. అందుకో నోటుబుక్కు పెట్టుకుంది. అందులో మాటలే కాదు, రమ ఎక్కడ ముక్కు ఎగబీల్చేదో, ఎక్కడ కాలు నేలకు తన్నేదో, గుత్తి ఎన్నిసార్లు ఊపేదో అన్నీ ఎర్ర పెన్నుతో రాసి ఉన్నాయి. అది తెరిచి అక్కడికక్కడే భవానితో ఆడించడం మొదలుపెట్టింది.

“గట్ల కాదు! గుత్తి మూడుసార్లు ఊపాలె. నువ్వు రెండేసార్లు ఊపినవ్,” అంది భవానితో.

భవాని మూడుసార్లు ఊపింది.

“ఇప్పుడు కాలు తన్ను. ఇంకా గట్టిగ! రమ తన్నితే దుమ్ము లేచేది.”

“పొద్దుగాల నేనే ఊడ్చిన. దుమ్మెక్కడ్నుంచి తేవాలె?” అంది భవాని మెల్లగా.

ఉదయ్ పకపకా నవ్వాడు. దీప్తి ఉరిమి చూసేసరికి నోరు మూసుకున్నాడు.

“మళ్లీ మొదటి నుంచి!”

పదకొండోసారికి భవాని గొంతు బొంగురుపోయింది. పద్మలత టీచర్ తలుపు దగ్గరికి వచ్చారు.

“దీప్తీ, ఆ పిల్లను జర అన్నం తిననియ్యి తల్లీ. నువ్వు గూడ తిను. మా చెవులకు గూడ పుణ్యముంటది.”

సాయంత్రం సుబేదారిలోని దీప్తి వాళ్లింట్లో నాయినమ్మ మొగిలమ్మ సరిగ్గా ఏడింటికి టీవీ పెట్టింది.

“బంద్ చెయ్యి నాయినమ్మా! ఆమె లచ్చక్క కాదు.”

“నిన్న బంద్ జేస్తే ఊకున్న. ఇయ్యాల రిమోట్ ముట్టినవంటే చూడు. ఇల్లు గదే, కిరాయోళ్లు గాళ్లే. జరుగు, కనవడ్తలేదు.”

కొత్త లచ్చక్క అరవలేదు. నీళ్లు కారిపోతున్నా నల్లా ఆపకుండా వదిలేసిన కిరాయివాడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. గుత్తి ఒళ్లో పెట్టుకుని ఒక్కో తాళంచెవినీ కొంగుతో తుడిచింది. “తాళాలు నా కొంగుకు...” అని ఆగింది. తుడుస్తూనే ఉంది. కిరాయివాడికి చెమటలు పట్టాయి.

నాయినమ్మ కిసుక్కున నవ్వింది.

“ఎందుకు నవ్వినవ్?”

“నవ్వొచ్చింది, నవ్విన. నిన్నడిగి నవ్వాల్నా?”

దీప్తికి కూడా నవ్వొచ్చింది. ఒళ్లు మండిపోయింది. దిండు మొహానికి అడ్డం పెట్టుకుంది.

శుక్రవారం ప్రార్థన కాగానే భవాని తాళాల గుత్తి తెచ్చి దీప్తి బెంచీ మీద పెట్టింది.

“నాతోని కాదు. నువ్వే వేస్కో,” అని వెళ్లిపోయింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

దీప్తి ఎలా వేస్తుంది? నలుగురి ముందు నిలబడితే ఆమెకు మాట రాదు. అందుకే కదా తెర వెనక పని తీసుకుంది! రేపే బాలసభ. లచ్చక్క లేకపోతే ఆట లేదు.

ఇంటికి రాగానే అమ్మ ఫోన్ నుంచి రమకు ఫోన్ చేసింది దీప్తి.

“ఆ భవానితోని పరేషానైతాంది రమా! ఎన్నిసార్లు చెప్పినా నీ లెక్క చేస్తలేదు. ఇయ్యాల వెయ్యనే వెయ్యనన్నది. నువ్వుంటే ఎంత మంచిగుండేది!”

దీప్తి ఫోన్ రెండో చెవికి మార్చింది.

“హలో? వినవడ్తాందా?”

“ఈడ నా బెంచీల ఇంతకుముందు ఇంకో పిల్ల ఉండెనట,” అంది రమ. “నిన్న ప్రార్థన పాడుమన్నరు. పాడిన. ఆ పిల్ల లెక్క లేదన్నరు. బొమ్మ గీస్తే గూడ గదే మాట. ఈడ నేనే భవాని, దీప్తీ.”

“అన్నం తిన్నవా?” అని అడిగింది దీప్తి. అప్పటికి సాయంత్రం అయిదే అయింది.

శనివారం పొద్దున్నే దీప్తి గుత్తి పట్టుకుని భవాని దగ్గరికి వెళ్లింది.

“లచ్చక్క వేషం జర వెయ్యవా?”

“నీ నోటుబుక్కో?”

“ఉదయ్ గాడు మాటలు మర్చిపోతడు గద. వానికోసం తెస్త.”

భవాని గుత్తి తీసుకుని చున్నీకి కట్టుకుంది.

బాలసభ మొదలైంది. కిరాయివాడు ఉదయ్ పెత్తనాలు చేసి చేసి ఆగాడు. ఇక లచ్చక్క మాట. భవాని గుత్తి పట్టుకుంది. ఎన్నిసార్లు ఊపాలో అన్నట్టు తెర వైపు చూసింది.

దీప్తి చేతిలో నోటుబుక్కు తెరిచే ఉంది. ఎర్ర గీతలు కనిపిస్తున్నాయి. మూడుసార్లు. కాలు గట్టిగా.

దీప్తి నోటుబుక్కు మూసేసింది. కింద పెట్టి దాని మీద కూర్చుంది. ఖాళీ చేతులు రెండూ ఎత్తి భవానికి చూపించింది.

భవాని గుత్తి ఊపలేదు. కాలూ తన్నలేదు. ఉదయ్ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“తాళాలు నా కొంగుకు, పెత్తనం నీకా బిడ్డా? మంచిదే. తీస్కో,” అని గుత్తి విప్పి వాడి చేతిలో పెట్టింది. “రేపటి సంది నల్లా నీళ్లు గూడ నువ్వే పట్టు. తెల్లారగట్ల నాలుగింటికి వస్తయ్. ఎనిమిది బిందెలు.”

ఈ మాట నోటుబుక్కులో ఎక్కడా లేదు. పిల్లలు ఘొల్లున నవ్వారు. పద్మలత టీచర్ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఉదయ్ తన మాట మరిచిపోయి గుత్తి పట్టుకుని తెర వైపు చూశాడు. అందించమని కళ్లతోనే బతిమాలాడు.

దీప్తి అందించలేకపోయింది. పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఈసారి మొహానికి అడ్డం పెట్టుకోవడానికి దిండు కోసం వెతకలేదు.