నేను కొట్టని దెబ్బలు

మా మామగారికి ఇద్దరల్లుళ్ళం. పెద్దల్లుణ్ణి నేను. చిన్నల్లుడు మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఇద్దరం ఒకే చమురు కంపెనీలో పనిచేస్తాం కాబట్టి పోలికలు పెట్టడం మా అత్తగారికి చాలా సులువు. "చిన్నల్లుడు ఏదో కొత్తది కనిపెట్టాడట" అంటుంది నా కంచం వైపు చూస్తూ, నేనేదో ఊరికే తిని కూర్చుంటున్నట్టు. నేను నవ్వి ఊరుకుంటాను. కడుపుమంట బయటికి కనపడదు కదా.

అతను కనిపెట్టింది ఒక తీగ. వెంట్రుకంత సన్నటి గాజు పోగుని ఉక్కు తొడుగులో పెట్టి చమురు బావి అడుగుదాకా దించుతారు. బావిలో ఏ లోతున ఏ చప్పుడైనా అది వింటుంది. ఎక్కడో గొట్టం చిల్లుపడి గ్యాసు కారినా పైన కేబిన్‌లో తెరమీద గీతగా కనిపిస్తుంది, హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. కానీ కొత్త పరికరం ఏదైనా అసలు బావుల్లోకి దిగాలంటే ముందు మా యార్డులోని పరీక్ష బావిలో నెగ్గాలి. నెగ్గిందో లేదో చెప్పాల్సిన సాక్షిని నేను. తీగ నెగ్గితే చిన్నల్లుడు మా విభాగానికి అధికారి అవుతాడు, ఓడితే ఆ వరస నాది. నెగ్గిందంటే, ఇక ఒక పూట సెలవు కావాలన్నా నేను అతని ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

పరీక్ష తేలికే. సాక్షి సుత్తి తీసుకుని బావి దగ్గరికి వెళ్ళి, తనకి తోచినన్ని దెబ్బలు గొట్టం మీద కొడతాడు. ఎన్నో ముందుగా ఎవరికీ చెప్పకూడదు. కేబిన్‌లో ఉన్నవాడు తీగ విన్నదాన్ని బట్టి లెక్క చెప్పాలి. పగలు లారీల రొదలో కుదరదు కాబట్టి యార్డు ఖాళీ అయ్యాక పెట్టుకున్నాం.

చీకట్లో గొట్టాల గుట్టల మధ్య నడిచాను. తుప్పు వాసన, డీజిల్ వాసన. బావి అంటే పెద్ద నుయ్యేమీ కాదు, జానెడు వెడల్పు, రెండు కిలోమీటర్ల లోతు ఉక్కు గొట్టం. నిండా నీళ్ళు, అడుగున సిమెంటు, పైన బోల్టులు బిగించిన మూత.

అసలు కొట్టకూడదని దారిలోనే నిర్ణయించుకున్నాను. ఊరికే నిలబడి తిరిగొచ్చి, ఏడు కొట్టానంటే చాలు. తీగకి చెవుడని తేలిపోతుంది. ఏడు... ఏడు... అని మనసులోనే అనుకున్నాను. మూత సందులోంచి చల్లటి గాలి చేతికి తగిలింది. బిగించిన మూతకి సందెలా వచ్చిందో నాకర్థం కాలేదు. సుత్తి చంకలో పెట్టుకుని గబగబా వచ్చేశాను.

చిన్నల్లుడు హెడ్‌ఫోన్ తీసి నా వైపు తిరిగాడు.

"ఏడు కదా, అన్నయ్యగారూ?"

కొట్టలేదని చెబితే నా బండారం బయటపడుతుంది. "అవును" అన్నాను.

"కానీ ఒక తిరకాసు ఉందండీ. చప్పుడు పైనుంచి కిందికి దిగాలి. ఇది అడుగునుంచి పైకొచ్చింది. తీగ తలకిందులుగా కలిపానేమో. ఈసారి నేను కొట్టొస్తాను, మీరు తెర చూడండి."

వెళుతూ వెళుతూ గుమ్మం బయట ఆగి ఇంటికి ఫోన్ చేశాడు. "నెగ్గేటట్టే ఉందోయ్. మీ బావగారే సాక్షి..." అని నవ్వాడు. ఆ నవ్వు వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. వీడనేవాడు లేకపోతే ఎంత బాగుండును, అనుకున్నాను. మనసారా అనుకున్నాను.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. తెర నల్లగా ఉంది.

సుత్తి చప్పుడు లేదు.

చాలాసేపు ఏమీ లేదు...

తర్వాత తెర అడుగున ఒక గీత వెలిగింది. రెండు కిలోమీటర్ల కింద. సుత్తి కాదు. మెత్తగా... అరచేత్తో ఉక్కుని తడుతున్నట్టు. ఆగి, మళ్ళీ తడుతున్నట్టు.

"అన్నయ్యగారూ..."

హెడ్‌ఫోన్ చెవులకి అదుముకున్నాను.

"అన్నయ్యగారూ... ఇక్కడ చాలా ఇరుకుగా ఉందండీ... మూత తీయండి..."

కేబిన్ తలుపు తెరుచుకుంది. చిన్నల్లుడు లోపలికొచ్చాడు. అదే చొక్కా, అదే మొహం, చేతిలో సుత్తి.

"ఎన్ని విన్నారు?" అన్నాడు నెమ్మదిగా.

నా చెవుల్లో ఆ గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది. ఏడుస్తోంది. విన్నది విన్నట్టు చెబితే తీగ పనిచేసినట్టే. నిజం చెప్పనా... ఆ క్షణంలో కూడా నాకు తట్టింది అదే, తీగ నెగ్గుతుందని. నా బుద్ధి పోనిచ్చుకోలేదు.

"ఏమీ వినపడలేదు" అన్నాను.

ఏళ్ళ తరబడి నిద్ర మానుకుని ఆ తీగ తయారుచేసిన మనిషి పోట్లాడాలి, నన్ను తోసి తెర చూసుకోవాలి. ఇతను తృప్తిగా తలూపాడు. వంగి, తీగని తెర కింద ఉన్న పెట్టెలోంచి ఊడబీకాడు. పిలుపు సగంలో తెగిపోయింది.

తీగ ఓడిపోయిందని రాసి ఇచ్చాను. మర్నాడు దాన్ని పైకి లాగి చుట్టేశారు. అధికారి కుర్చీ నాకొచ్చింది. అత్తగారి నోట ఇప్పుడు పెద్దల్లుడి మాటే. ఇన్నాళ్ళూ కోరుకున్నదంతా వచ్చింది కానీ, ముద్ద గొంతు దిగడం లేదు.

ఇవాళ మధ్యాహ్నం మామగారింట్లో అందరం భోజనాలకి కూర్చున్నాం. అత్తగారు నాకు కొసరి కొసరి వడ్డిస్తోంది. ఎదురుగా చిన్నల్లుడు తినకుండా నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ అదే బల్ల దగ్గర కూర్చుని నేను అతన్ని చూసిన చూపే అది.

"అన్నయ్యగారూ, సాయంత్రం ఒకసారి బావి దగ్గరికి వెళ్ళొద్దామా? మనిద్దరమే" అన్నాడు.

"వెళ్ళిరండయ్యా, ఇద్దరూ కలిసి తిరిగితే మాకూ ముచ్చటే" అన్నారు మామగారు.

నేను మరదలి వైపు చూశాను. ఆమె తలెత్తలేదు. నీళ్ళగ్లాసు నా ముందు పెడుతూ, ఎవరికీ కనపడకుండా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.