ముప్పై సెకన్ల ఫోటో

"బాంబులు వదిలేశా!"

విమానం ముక్కులో బోర్లా పడుకున్న ఇడ్రిస్ అరిచాడు. బరువు తగ్గిన బ్రిటిష్ బాంబర్ లాంకాస్టర్ ఒక్క ఉదుటున పైకి లేచింది.

తోక చివర గాజు గూట్లో, నాలుగు మెషిన్ గన్ల వెనక ముడుచుకు కూర్చున్న విల్ఫ్ చీకటిని గాలిస్తున్నాడు.

ఇంకా అయిపోలేదు!

ముప్పై సెకన్లు... విమానం గీత గీసినట్టు తిన్నగా పోవాలి. అప్పుడు వెలుగు కోసం వేసిన ఫ్లాష్ బాంబు పేలుతుంది. బాంబులు ఎక్కడ పడ్డాయో కెమెరా ఫోటో తీస్తుంది. ఫోటో లేకపోతే ఈ ట్రిప్పు లెక్కలోకి రాదు.

ఇది ముప్పయ్యో ట్రిప్పు. ఆఖరిది. ఇక విమానంలోని ఏడుగురూ ఇంటికే.

నిజానికి మొన్నే అయిపోవాల్సింది. మబ్బుని చూసి శత్రు విమానమనుకుని విల్ఫ్ "డైవ్!" అని అరిచాడు. విమానం కిందికి దూకింది, ఫోటో పోయింది.

"ఒరేయ్ విల్ఫ్!" ఇయర్‌ఫోన్లలో ఇడ్రిస్. "ఇవాళ మబ్బు కనిపిస్తే టీ ఇచ్చి పంపెయ్. అరవకు."

"నోర్ముయ్ ఇడ్రిస్," అన్నాడు పైలట్ హార్కర్, వాళ్ళ స్కిప్పర్. "విల్ఫ్, నువ్వు అరిస్తే చాలు, విమానాన్ని కిందికి దూకిస్తా. మబ్బైనా సరే."

"అలాగే స్కిప్పర్."

"పద్దెనిమిది... పంతొమ్మిది..." ఇడ్రిస్ లెక్కపెడుతున్నాడు.

కింద జర్మన్ పట్నం తగలబడుతోంది. ఆ మంటల మీద ఒక నల్లటి మరక...

కదిలింది!

విల్ఫ్ నోరు తెరిచాడు.

మళ్ళీ మబ్బైతే?

మొన్న ఆరుగురూ తనని చూసిన చూపు గుర్తొచ్చింది. నోరు మూసుకున్నాడు.

"ఇరవై నాలుగు..."

మరక విమానం పొట్ట కిందికి జారింది. అక్కడికి తన గన్లు వంగవు.

"ఇరవై తొమ్మిది..."

ఫ్లాష్!

లోకమంతా తెల్లబడింది.

మబ్బు కాదు!

రెక్కల మీద జర్మన్ల నల్ల శిలువలు. వీపు మీంచి పైకి గురిపెట్టిన రెండు ఫిరంగులు!

"డైవ్!"

స్కిప్పర్ ఒక్క ప్రశ్న అడగలేదు. విమానం ఒరిగి రాయిలా పడింది.

ధడ్! ధడ్! ధడ్!

ముందు భాగంలో ఏదో పగిలింది. జర్మన్ విమానం విల్ఫ్ కళ్ళెదుటికొచ్చింది. నాలుగు గన్లూ ఒకేసారి పేల్చాడు. అది నిప్పుముద్దైపోయింది.

"కూల్చేశా స్కిప్పర్! ఇక పైకి లేపండి!"

విమానం లేవలేదు.

పడుతూనే ఉంది. ఇళ్ళ కప్పులు కనిపిస్తున్నాయి...

చివరికి ముక్కు లేచింది.

"కంట్రోల్స్ నా చేతిలో ఉన్నాయి." ఇడ్రిస్ గొంతు. అందులో వేళాకోళం లేదు. "స్కిప్పర్ పోయాడు."

ఇడ్రిస్ విమానాన్ని ఇంటి దారికి తిప్పాడు.

"ఫోటో పడిందిరా. ముప్పై అయ్యాయి."

ఇడ్రిసే మళ్ళీ అడిగాడు.

"విల్ఫ్... ఆ జర్మన్ విమానాన్ని ఎప్పుడు చూశావు?"

విల్ఫ్ మైకు నొక్కాడు.

"ఫ్లాష్ వెలిగాకే."

టక్!

అవతల ఇడ్రిస్ మైకు కట్టేశాడు.