తడి నార

కేతేపల్లిలో మేకల కొట్టం కప్పు సర్దబోయి, కాలికింద రేకు విరిగి గుర్వయ్య చనిపోయాడు. ఆ వారంలోనే హుస్సేన్ బీ నల్గొండ వచ్చి ప్రైవేటు డిటెక్టివ్ ఇస్రాయేలు ముందు కూలబడింది.

“నా కొడుకు లతీఫ్ దొంగ గాదు సారూ. ఆ ఇరిగిన రేకు ఆడు పనిజేసే కార్ఖానాలదే. గాజుగుడ్డ అమ్ముకొని రేకులు పల్చగ చేసిండని కార్ఖానా ఓనర్ వహీద్ సేటు కేసు పెట్టిండు. పోరడేమో నోరు ఇప్పుతలేడు.”

ఏడుస్తూనే ఒళ్లోని గోగునార మీద కూజా నీళ్లు చిలకరించి తాడు పేనుతోంది. పని ఆపితే చేతులు వణుకుతున్నాయట. సహాయకురాలు మంజులతకు జాలేసింది.

వహీద్ కార్ఖానాలో గాజుపోగులతో నేసిన గాజుగుడ్డ, గోగునార పొరలుగా పేర్చి, రెజిన్ అనే జిగురు పోసి కప్పు రేకులు చేస్తారు. విరిగిన ముక్కనూ, పాత గట్టి రేకు ముక్కనూ ఇస్రాయేలు పొయ్యిలో కాల్చాడు. గోగు బూడిదైంది. మిగిలిన గాజు పొరలు రెండింట్లోనూ సమానమే.

“లతీఫ్ దొంగ కాదు సార్!” మంజులత ఎగిరి గంతేసింది.

ఇస్రాయేలు నవ్వలేదు. కాల్చకుండా మిగిలిన రేకు విరిగిన అంచున గోగుపోగులు రెజిన్ అంటకుండా నున్నగా ఊడివచ్చి ఉన్నాయి.

మర్నాడు కార్ఖానాలో అందరినీ కూర్చోబెట్టాడు. పోలీసులు లతీఫ్‌ను తెచ్చారు. గుర్వయ్య భార్య గుర్వమ్మ గోడవారగా కూర్చుంది.

“దొంగతనం జరగలేదు. తడి నారను రెజిన్ పట్టదు. మనిషి బరువుకు పోగులు ఊడివచ్చాయి, గాజు ఒక్కటే మోయలేకపోయింది. మొదట్లో మిల్లు నుంచి పొడి నార వచ్చేది. ఇప్పుడు ఇళ్లకిచ్చి దువ్విస్తున్నావు. నార ఎండాలని నీకు తెలుసు కదా, వహీద్?”

“తెలుసు. నార దువ్వే ఆడోళ్లకు గవన్ని ఎవలన్న చెప్తరా?”

“నేనే తడిపిన సార్!” లతీఫ్ అరిచాడు.

హుస్సేన్ బీ పేనుతున్న నార చేతబట్టుకునే లేచి నిలబడింది. “అబద్ధం ఎందుకురా? దువ్వింది నేను. పొడి నార తెగుతది సారూ. మా ఇంట్ల తాతల సంది తడిపే పేనుతం. గట్టిగుండాలనే తడిపిన.”

“కప్పు విరిగినంక సమజైంది అమ్మీ. గందుకే నోరు ఇప్పలే,” అన్నాడు లతీఫ్.

పోలీసులు లతీఫ్‌ను వదిలి వహీద్‌ను జీపెక్కించారు. కొడుకు దాచిన నిజాన్ని తల్లి ముందే బయటపెట్టిన తన తెలివిమీద ఇస్రాయేలుకే అసహ్యం వేసింది.

గుర్వమ్మ వెళ్తూ హుస్సేన్ బీ ముందు ఆగింది.

“మా మేకల తాళ్లు గూడ నువ్వు పేనినయే బీ. ఒక్కటి తెగలే.”

హుస్సేన్ బీ చేతిలోని నార కింద పడింది. చేతులు వణకడం మొదలుపెట్టాయి.