మట్టి యువరాజు

మ్యూజియంలో గైడు వేషం వేసుకుని పనిచేస్తున్న సీక్రెట్ సర్వీస్ మనిషి శవం తెల్లవారాక, దేశానికి సరిహద్దుగా పారే అమూ దర్యా నది ఒడ్డున రెల్లుపొదల్లో దొరికింది. చనిపోయే ముందు అతను రేడియోలో పంపిన సందేశం ఒకే ఒక్క వాక్యం:

"యువరాజు ఇవాళ స్నానానికి వెళ్తున్నాడు."

"అర్థమైందా?" అన్నాడు కల్నల్ మర్దోనోవ్, టీ గిన్నె ముందుకు జరుపుతూ. ఏజెంట్ తోఖిర్ దాన్ని ముట్టుకోలేదు. పొద్దుటి నుంచీ అతనికి ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కావడంలేదు.

"యువరాజంటే కుషాణుల కాలంనాటి మట్టి తల. స్నానమంటే నది."

"అవతలి ఒడ్డు చేరిందంటే ఇక దానిమీద ఆశ వదులుకోవాల్సిందే. మధ్యాహ్నం ఎగ్జిబిషన్‌కని ఎయిర్‌పోర్టుకి పంపుతున్నారు. దారిలో పురాతన వస్తువుల దొంగ వెర్నర్ ముఠా పెట్టె మార్చేస్తుంది. ఆ ముఠాలో దిల్‌ఫూజా ఉంది."

"ఆమె మన ఏజెంటే కదా?"

"తన ఏజెంటని వెర్నర్ కూడా అనుకుంటున్నాడు. ఎవరి నమ్మకం నిజమో నాకూ తెలీదు."

గంట తిరక్కుండానే తోఖిర్ టీవీ కెమెరామన్ అయిపోయి తెర్మిజ్ ఊరి మ్యూజియంలో అడుగుపెట్టాడు. ఊరంతా సలోమత్ ఓపా, అంటే సలోమత్ అక్క, అని పిలిచే ముసలి డైరెక్టరు తలను దూదిలో పడుకోబెడుతోంది. చదువుకునే రోజుల్లో తవ్వకాల్లో దాన్ని వెలికితీసింది ఆవిడే. ఆ హాల్లోని బుద్ధ విగ్రహాలూ కుండలూ సగం ఆవిడ చేతుల మీదుగా వచ్చినవే.

"దూరంగా ఉండు బాబూ. ఇది కాల్చని మట్టి. రెండువేల ఏళ్ళు నేల తల్లి దాచింది. ఒక్క గ్లాసు నీళ్ళు పడితే బురదే."

తోఖిర్ లెన్సు సర్దుతున్నట్టు వంగి, గుండీ అంత ట్రాన్స్‌మిటర్ దూదిలో జారవిడిచాడు. ఎర్ర స్కార్ఫులో మెరిసిపోతున్న దిల్‌ఫూజా పక్కకి వచ్చింది. విదేశీ నిపుణురాలి హోదాలో వచ్చిందామె.

"నన్ను నమ్ముతున్నారా?" పెదవులు కదపకుండా అడిగింది.

"లేదు."

"మంచిది. అలాగే ఉండండి."

మధ్యాహ్నం మ్యూజియం వ్యాను ఎయిర్‌పోర్టు రోడ్డెక్కింది. ట్రాన్స్‌మిటర్ జాడ చూపే తోఖిర్ వాచీలోని ముల్లు మాత్రం దక్షిణానికి తిరిగింది. వ్యాను వెనక వచ్చిన పుచ్చకాయల లారీ నదివైపు మళ్ళుతోంది. అతను కారు తిప్పి, సరిహద్దు దళాన్ని రేడియోలో పిలిచాడు. వాళ్ళు చాలా దూరంలో ఉన్నారు.

అతను చేరేసరికి రేవులో పడవ ఇంజను మొదలైంది. దిల్‌ఫూజా అప్పటికే పడవలో ఉంది. చెక్కల వంతెన చివర వెర్నర్ పెట్టె తాడు పట్టుకుని నిలబడ్డాడు. తోఖిర్ పిస్టల్ చూడగానే మూత తీసి, పెట్టెను నీళ్ళ మీద వేలాడదీశాడు.

"ఒక్క అడుగు వేశావంటే మీ యువరాజు బురదైపోతాడు."

తోఖిర్ పిస్టల్ కింద పెట్టాడు. వెర్నర్ నవ్వి తాడు వదిలేసి, పడవలోకి దూకాడు.

తోఖిర్ ముందుకు ఉరికి చెక్కల మీద బోర్లా పడ్డాడు. తాడు చేతికి చిక్కింది. పెట్టె అడుగు నీటికి జానెడు ఎత్తున ఆగింది. పైకి లాగి, వేళ్ళతో లోపల తడిమాడు. పొడిగా ఉంది. ఆ మట్టి ముఖం ఏమీ జరగనట్టే ఉంది.

తలెత్తి చూస్తే నది మధ్యకు పోయిన పడవ మెల్లగా వెనక్కి తిరుగుతోంది. దిల్‌ఫూజా పిస్టల్ గొట్టం పడవ నడిపేవాడి వీపుకి ఆనుంది. వెర్నర్ చేతులెత్తి కూర్చున్నాడు. అప్పుడే దళం జీపులు రేవులో ఆగాయి.

"ముందే చెప్పొచ్చుగా?" అన్నాడు తోఖిర్, ఆమె దిగుతుంటే.

"చెప్తే నన్ను కాపాడ్డానికి పడవలోకి దూకేవారు. పెట్టె మునిగిపోయేది."

సాయంత్రం సలోమత్ ఓపా తలను భూతద్దంతో చాలాసేపు పరీక్షించింది. తోఖిర్ మెప్పుకోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

"చెంపకి వేళ్ళ జిడ్డంటింది," అందావిడ. "ఈసారి దేశాన్ని కాపాడేటప్పుడు చేతులు తుడుచుకుని కాపాడు బాబూ."